ఎవరి ఫోను, ఎవరి పంతం

2022 సెప్టెంబర్‌లో అమెరికాలో జరిగిన ఒక సభలో యాపిల్ కంపెనీ అధిపతి టిమ్ కుక్‌ను ఒకాయన ఒక చిన్న ప్రశ్న అడిగాడు. తన ఐఫోన్ నుంచి వాళ్ళమ్మ ఫోనుకు కొన్ని వీడియోలు పోవడం లేదట. ఆమెది ఐఫోన్ కాదు. రెండు రకాల ఫోన్ల మధ్య సందేశాలు సాఫీగా నడిచే ఏర్పాటు చేయరాదా అని ఆయన అడిగాడు. దానికి కుక్ జవాబు, "మీ అమ్మకు ఐఫోన్ కొనివ్వండి" అని. 2024 మార్చిలో అమెరికా న్యాయశాఖ యాపిల్ మీద గుత్తాధిపత్యం కేసు వేసినప్పుడు ఈ మాటను కూడా ఫిర్యాదులో ఎక్కించింది. కొనుగోలుదారు ఒకసారి లోపలికి వచ్చాక బయటికి పోకుండా కంపెనీ గోడలు ఎట్లా కడుతుందో చెప్పడానికి దాన్ని సాక్ష్యంగా చూపించింది.

ఈ సంగతి మీద వచ్చిన రాతలు నేను చాలానే చదివాను. నీలిరంగు బుడగలో వచ్చే సందేశం గొప్పదా, ఆకుపచ్చ బుడగలో వచ్చేది తక్కువదా, అమెరికా హైస్కూలు పిల్లలు దీన్నిబట్టి స్నేహాలు ఎట్లా తూచుకుంటున్నారు అని పేజీలకు పేజీలు. ఆ అమ్మ ఊసు మాత్రం ఎక్కడా లేదు. ఆమె వాడుతున్న ఫోను ఆమెకు నచ్చిందా? దాన్ని ఎందుకు వదులుకోవాలి? ప్రశ్న అడిగిన కొడుకూ ఆమెను అడిగి రాలేదు, జవాబు చెప్పిన పెద్దమనిషీ అడగలేదు. అమ్మ అనేది కొనిపెట్టాల్సిన చోటు, అంతే.

నల్గొండలో ఈ కథ నాకు కొత్తగా అనిపించలేదు. పిల్లలు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న ఇళ్ళు మా పట్టణంలో వీధికి రెండు మూడు ఉంటాయి. సెలవులకు వచ్చినప్పుడు వాళ్ళు తమ పాత ఐఫోన్‌ను తల్లి చేతిలో పెట్టి పోతారు. "ఫేస్‌టైమ్‌లో మాట్లాడుకోవచ్చు మమ్మీ" అంటారు. ఫేస్‌టైమ్ 2010లో వచ్చింది. యాపిల్ వస్తువు ఉన్నవాళ్ళ మధ్యనే పలుకుతుంది. వేరే ఫోనువాళ్ళు లింకు పట్టుకుని లోపలికి రావడానికి 2021 దాకా వీల్లేకపోయింది. అంటే ఆ తల్లి కొడుకుతో మాట్లాడడానికి ఒక ఫోను, అక్కచెల్లెళ్ళతో, పాలవాడితో, మహిళా సంఘం వాళ్ళతో మాట్లాడడానికి ఇంకో ఫోను పెట్టుకోవాలి. నాకు తెలిసిన ఒక పెద్దావిడ ఐఫోన్‌ను బీరువాలో బంగారం పక్కన పెట్టి తాళం వేసింది. "పోరడు అడిగినప్పుడు తీస్త. నాకెందుకు బిడ్డా గంత ఖరీదు ఫోను? ఏలు తగిలితె సాలు ఏడికో పోతది" అంటుంది. కొడుకు దీన్ని మా అమ్మకు తెలియదు అని చెప్పుకుంటాడు. నేను చూసినంతలో ఆమెకు తెలియనిది చాలా తక్కువ. ఏ ఫోనుతో ఎవరితో సంబంధం తెగుతుందో, ఎవరితో నిలుస్తుందో ఆమె లెక్క ఆమెకుంది.

ఆండ్రాయిడా ఐఫోనా అన్న వాదం మన దగ్గర చాలావరకు మగపిల్లల వాదంగా నడిచింది. క్లాక్ టవర్ సెంటర్ చుట్టుపక్కల సెల్ షాపుల ముందు ఈ గొడవ వింటుంటే నాకు చిన్నప్పుడు సినిమా హాళ్ళ దగ్గర హీరోల అభిమాన సంఘాల తగాదాలు గుర్తొచ్చేవి. అదే ఉద్రేకం, ఎదుటివాడి హీరోను అదే తిట్టడం. కాకపోతే ఇక్కడ కటౌటు జేబులో పడుతుంది. కంపెనీలు దీనికి విధేయత అని పేరు పెట్టి, దాన్ని కొలిచి, దాని మీద వ్యాపారం చేస్తాయి. మార్కెటింగ్ పాఠాల్లో 'వినియోగదారుడు' ఎందుకు ఫలానా కంపెనీని వదలడో చెప్పే సిద్ధాంతాలున్నాయి. ఎంచుకునే చెయ్యి ఒకటుంది, ఆ చేతిలో డబ్బుంది, ఆ డబ్బు ఆ మనిషిదే అన్న మూడు ఊహల మీద ఆ సిద్ధాంతాలన్నీ నిలబడతాయి. మా జిల్లా ఆడవాళ్ళ విషయంలో ఈ మూడింట్లో ఒక్కటి నిజమైనా గొప్పే.

1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను వాళ్ళ నోటనే విన్నాం. అంత పెద్ద చరిత్ర పక్కన సెల్‌ఫోను ముచ్చట పెట్టడం కొందరికి చిన్నతనంగా తోచవచ్చు. కానీ ఆ పుస్తకం నేర్పిన పద్ధతి ఒకటుంది. చరిత్రలో ఉన్న ఆడదాన్ని పక్కవాళ్ళు చెప్పినట్టు కాకుండా ఆమె చెప్పినట్టు వినడం. ఇరవై ఏళ్ళుగా మన చేతిలో ఉన్న వస్తువు విషయంలో ఆ పని మనం పెద్దగా చేయలేదు.

కంపెనీ పేరు మా ఇళ్ళలోకి మొదట వచ్చిన దారి ఫోనుకంటే చాలా పాతది. మా ఇంట్లో పాత ట్రంకుపెట్టెలో ఒక పెళ్ళి కాయితం దొరికింది. వరపూజ నాడు పెద్దమనుషుల మధ్య రాసుకున్న ఇచ్చిపుచ్చుకోవడాల జాబితా అది. పెళ్ళికొడుకుకు హెచ్.ఎం.టి. గడియారం, మర్ఫీ రేడియో, అట్లాస్ సైకిలు. పెళ్ళికూతురి వైపు గుండిగలు ఇన్ని, బిందెలు ఇన్ని, పరుపు ఒకటి, బంగారం ఇన్ని తులాలు. చాలాసేపటి దాకా నాకు అందులో వింత కనిపించలేదు. తర్వాత తట్టింది. పెళ్ళికొడుకు వస్తువులన్నిటికీ కంపెనీ పేర్లున్నాయి. పెళ్ళికూతురి వస్తువులకు లెక్కా బరువూ తప్ప పేరు లేదు. తర్వాత తరం కాయితాల్లో సైకిలు పోయి బజాజ్ చేతక్ వచ్చింది, చేతక్ పోయి హీరో హోండా వచ్చింది. పెళ్ళికొడుకు పంతం పట్టిన బ్రాండుకు డబ్బు కట్టింది పెళ్ళికూతురి తండ్రి. ఆ డబ్బు కోసం అమ్ముడుపోయినది చాలాసార్లు ఎకరమో అరెకరమో చెలక. మగవాడి బ్రాండు విధేయతకు మూల పెట్టుబడి ఎవరిది అని ఏ మార్కెటింగ్ ప్రొఫెసరూ లెక్క కట్టినట్టు లేదు.

ఆడవాళ్ళ వస్తువుల్లో కంపెనీ పేరుతో పలికేది నాకు గుర్తున్నంతవరకు ఒక్కటే, కుట్టుమిషను. సింగర్ అనో ఉషా అనో పేరుపెట్టి అడిగేవాళ్ళు. దాని మీద ఆమె సంపాదిస్తుంది కాబట్టి ఏది మన్నుతుందో, దేనికి సూది సులభంగా దొరుకుతుందో ఆమె మాట చెల్లేది.

వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. పెళ్ళిలో వధువుకూ వరుడికీ వచ్చిన కానుకలకు వేర్వేరు జాబితాలు రాసి, వాటి విలువ, ఇచ్చినవాళ్ళ వివరాలతో సంతకాలు చేసి పెట్టుకోవాలని 1985లో నియమాలు చేశారు. నేను చూసిన ఇళ్ళలో చట్టం రాయమన్న జాబితా ఒక్కటీ లేదు. చట్టం వద్దన్న జాబితాను మాత్రం కంపెనీల పేర్లతో సహా పొందికగా రాసుకున్నారు.

ఇప్పుడు ఆ కాయితంలో ఫోను కూడా చేరింది, కానీ ఎదురు దిక్కున. పెళ్ళి ఖాయమైన రోజున పిల్లవాడి వైపు నుంచి పిల్లకు ఫోను ఇవ్వడం ఈ పదిహేనేళ్ళలో చాలా ఇళ్ళలో ఆనవాయితీ అయింది. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. ఆ పిల్ల చేతికి వచ్చిన మొట్టమొదటి సొంత ఫోను చాలాసార్లు అదే. ఏ కంపెనీది, ఏ రకందన్నది అతనే నిర్ణయిస్తాడు, సిమ్ అతనే వేస్తాడు, తాళం మాట కూడా చాలాసార్లు అతనికి తెలిసే ఉంటుంది. రాత్రి పదింటికి ఫోను బిజీగా ఉంటే ఎవరితో మాట్లాడుతున్నావని ప్రశ్న వస్తుంది. ఫోను లోపలి గోడల గురించి అమెరికా కోర్టులో వాదన నడుస్తోంది గానీ, ఈ గోడల గురించి ఏ కోర్టులో చెప్పుకోవాలి?

సెల్లు మా ఊళ్ళకు సామాన్యుల వస్తువుగా వచ్చింది 2003లో. ఆ ఏడాది మే నుంచి వచ్చే కాల్స్‌కు డబ్బు కట్టే బాధ పోయింది. జులైలో రిలయన్స్ వాళ్ళు 501 రూపాయలకు ఫోను అన్నారు. ఆ ఫోన్లలో సిమ్ మార్చుకునే వీలుండేది కాదు, కంపెనీని వదిలితే ఫోనునూ వదలాల్సిందే. మిగతా కంపెనీలవి సిమ్ మార్చుకునే ఫోన్లు. అంటే ఈనాటి ఐఫోన్, ఆండ్రాయిడ్ తగాదాకు పెద్దక్క లాంటి తగాదా అప్పుడే నడిచింది. ఒకే కంపెనీ నంబర్ల మధ్య మాట్లాడితే చవక, బయటికి మాట్లాడితే పిరం. అందుకని తల్లిగారింట్లో ఏ కంపెనీ ఉందో చూసి అత్తగారింట్లో అదే సిమ్ వేయించుకోవడానికి ఆడపిల్లలు పడిన తిప్పలు నాకు బాగా గుర్తు. భర్తకు ఒక కంపెనీ, స్నేహితులది అదే. ఆమెకు అమ్మతో మాట్లాడాలంటే ఇంకో కంపెనీ. ఏ సిమ్ అన్నదాని వెనక ఏ ఇల్లు అన్న ప్రశ్న ఉండేది. చాలా ఇళ్ళలో భర్త సిమ్మే నెగ్గింది, అమ్మకు మిస్‌కాల్ మిగిలింది. ఒక మిస్‌కాల్ అంటే బాగున్నా అని, రెండంటే నువ్వే చెయ్యమ్మా అని. నంబరు మార్చకుండా కంపెనీ మారే హక్కు దేశమంతటా వచ్చింది 2011 జనవరిలో. అప్పటికి ఎన్నో నంబర్లు పెళ్ళితోపాటు మారిపోయాయి, ఇంటిపేర్ల లాగానే.

ఆ రోజుల ఫోన్లలో నోకియా 1100 గురించి కొంచెం ఆగి చెప్పాలి. అది కూడా 2003లోనే వచ్చింది. ప్రపంచం మొత్తమ్మీద 25 కోట్లకు పైగా అమ్ముడుపోయిందంటారు. దుమ్ము దూరని బటన్లు, నెత్తిమీద టార్చిలైటు. ఆ టార్చిని గురించి రాసినవాళ్ళు రాత్రిపూట కరెంటు వచ్చినప్పుడు బావికాడికి మోటారు వేయబోయే రైతును తలుచుకుంటారు. నిజమే, మా జిల్లాలో పాము కాటుకు పోయిన రైతులు తక్కువేం కాదు. ఇళ్ళలో మరుగుదొడ్లు లేని ఊళ్ళలో చీకటితో లేచి, మళ్ళీ చీకటి పడ్డాక చెంబు పట్టుకుని ఊరి బయటికి పోయే ఆడవాళ్ళకు ఆ టార్చి ఏమిటో నాకు వాళ్ళే చెప్పారు. నలుగురు కలిసి పోయేవాళ్ళు, నలుగురిలో ఒకరి దగ్గర సెల్లుంటే చాలు. పాము కనిపించేది, పొంచి ఉన్న మనిషీ కనిపించేవాడు. ఆ కంపెనీ ప్రకటనల్లో ఈ వాడకం నేనెప్పుడూ చూడలేదు.

ఇంకొకటి. బటన్ ఫోన్లో రెండో అంకెను కాసేపు ఒత్తి పట్టుకుంటే ముందే పెట్టుకున్న నంబరుకు కాల్ పోతుంది. చదువు రాని తల్లులు ఎందరో ఈ ఒక్క ఏర్పాటు మీదనే లోకంతో మాట్లాడారు. "రెండు పట్టుకుంటె పెద్దబిడ్డ, మూడు పట్టుకుంటె చిన్నబిడ్డ, నాలుగు మా తమ్ముడు." వేలికి గుబ్బగా తగిలే బటను కాబట్టి చీకట్లో కూడా తప్పు పోదు. మనవడు వచ్చి, ఇదేం పాతకాలపు డబ్బా నాయనమ్మా అని అద్దం ఫోను చేతిలో పెట్టినప్పుడు ఆమె పోగొట్టుకున్నది వేళ్ళకు వచ్చిన ఆ అక్షరాస్యత. కొత్త ఫోన్లో బిడ్డ పేరు చదివి వెతుక్కోవాలి. ఆమె బటన్ ఫోనే కావాలని మొండికేస్తే దానికి మనం విధేయత అని పేరు పెట్టం, చాదస్తం అంటాం. లక్ష రూపాయల ఫోనుకు అలవాటుపడి ఇంకోటి వాడలేనన్న మనవడిది మాత్రం అభిరుచి.

స్మార్ట్‌ఫోన్ల కాలానికి వస్తే, ఐఫోన్ మన దేశంలో 2008 ఆగస్టులో 31,000 రూపాయల ధరతో దిగింది. అప్పటికి రెండేళ్ళుగా నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఉపాధి హామీ పనులు నడుస్తున్నాయి. తొలి విడతలో ఎంపికైన జిల్లాల్లో మా రెండు జిల్లాలూ ఉన్నాయి. రోజుకు నూరు రూపాయలనుకున్నా ఆ ఫోను ధర 310 రోజుల మట్టిపని. అప్పట్లో ఏడాదికి ఇంటికి నూరు రోజులే హామీ. అంటే ఇల్లంతా తినకుండా మూడేళ్ళకు పైగా. కాబట్టి మా దగ్గర ఐఫోనా ఆండ్రాయిడా అన్నది ఎంపిక కానేలేదు. ఆండ్రాయిడ్ చవకై చవకై ఐదారువేలకు దిగాక గాని మా ఊళ్ళకు రాలేదు. వచ్చాక కూడా ఇంట్లో దానికి ఒక వరుస ఉంది. కొత్త ఫోను కొడుక్కు. కొడుకు పాతది తండ్రికి. తండ్రి వాడి, అద్దం పగిలి, బ్యాటరీ ఉబ్బినది తల్లికి. ఆడపిల్లకు కాలేజీలో చేరితే, అదీ నచ్చజెప్పుకుంటే. వలస పోయే పాలమూరు, దేవరకొండ ప్రాంతాల ఇళ్ళలో మంచి ఫోను మగమనిషితో పూణెకో బొంబాయికో పోతుంది, చిన్న ఫోను ఇంటి దగ్గర ఉంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో దేశంలో తాము స్వయంగా వాడే సెల్లు ఉన్న స్త్రీలు 54 శాతం. తెలంగాణలో ఇంటర్నెట్ ఎప్పుడైనా వాడిన స్త్రీలు 26.5 శాతం. ఆ సెల్లును ఎవరు ఎంచారు, ఎవరి తర్వాత వచ్చింది అన్నది ఈ అంకెల్లో కనిపించదు.

పగిలిన అద్దం వెనక తెలుగు కనిపించేదా అన్నది మరో సంగతి. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. అయినా తొలి ఆండ్రాయిడ్ ఫోన్లు చాలావాటిలో తెలుగు అంటే వరసగా ఖాళీ డబ్బాలు. మనలో చాలామంది రచయిత్రులం ఆ రోజుల్లో ఇంగ్లీషు లిపిలో తెలుగు కొట్టుకుంటూ బతికాం. ఇంగ్లీషు లిపి రాని ఆడవాళ్ళు ఏం చేశారో మనం అడగలేదు. వాళ్ళు ఫొటోలు పంపుకున్నారు, గొంతు రికార్డు చేసి పంపుకున్నారు. 2017 ఆగస్టులో గూగుల్ తెలుగు మాటను విని రాసే ఏర్పాటు తెచ్చింది. అక్షరం ముట్టకుండా అడిగి తెలుసుకునే దారి కొందరికైనా దొరికింది. అయితే అది వార్తలు చదివే తెలుగుకు అలవాటుపడ్డ చెవి. "యాడున్నది" అంటే ఒకసారి పట్టుకుంటుంది, ఒకసారి వదిలేస్తుంది. మా యాస బడిలో పడ్డ పాట్లు మళ్ళీ ఇక్కడ.

ఆ ఏడాదే జియో ఫోను వచ్చింది. 1,500 రూపాయలు డిపాజిట్, మూడేళ్ళకు తిరిగి ఇస్తామన్నారు. ఆండ్రాయిడూ కాదు, ఐఫోనూ కాదు, కైఓఎస్ అనే మూడో రకం. బటన్లుంటాయి, ఇంటర్నెట్టూ వస్తుంది, తెలుగూ వస్తుంది. వేళ్ళకు తెలిసిన బటనునూ కొత్త లోకాన్నీ కలిపి ఇచ్చింది కాబట్టి మా పెద్దవాళ్ళకు సరిగ్గా సరిపోవాల్సింది. కానీ అందులో వాట్సాప్ రావడానికి 2018 సెప్టెంబర్ దాకా ఆగాల్సి వచ్చింది. పైగా జియో సిమ్ తప్ప ఇంకోటి పట్టదు. రెండు ఫోన్ల గురించి లోకమంతా వాదించుకుంటున్నప్పుడు మూడో దాన్ని పట్టుకుని తిరిగిన ఆడవాళ్ళు ఏ వాదంలోకీ రాలేదు.

2018 ఫిబ్రవరిలో ఒక తమాషా జరిగింది. మన తెలుగు అక్షరం ఒకటి ఐఫోన్లను కూలబెట్టింది. జ్ఞానంలోని 'జ్ఞా' అది. దాని లోపల కంటికి కనపడని ఒక సంకేతం ఫలానా చోట చేరితే, ఆ అక్షరం ఉన్న సందేశం తెరవగానే ఐఫోన్లో ఆ యాప్ మూతపడేది, మళ్ళీ తెరుచుకునేది కాదు. ప్రపంచంలోని అల్లరిపిల్లలంతా తెలుగు రాకపోయినా ఆ అక్షరాన్ని కాపీ కొట్టి ఒకరి మీద ఒకరు విసురుకున్నారు. యాపిల్ ఆ నెల 19న సవరణ విడుదల చేసింది. పత్రికలన్నీ 'తెలుగు బాంబు' ధోరణిలో రాసుకున్నాయి. మనవాళ్ళు కొందరు గర్వపడ్డారు కూడా. నాకు మాత్రం ఒక మాట తోచింది. కోట్లమంది రాసుకునే లిపిని కంపెనీ తన ఫోన్లో ఎంత శ్రద్ధగా పరీక్షించి చూసుకుందో ఆ అక్షరం బయటపెట్టింది. జ కింద ఞ, దాని మీద దీర్ఘం. బడిలో తప్పు రాసి చేతుల మీద దెబ్బలు తిన్న అక్షరం అది, మొదటి తరం చదువుకున్న ఆడపిల్లలం అందరం. అంత గొప్ప యంత్రం కూడా దాని దగ్గరే తడబడిందని తెలిసినప్పుడు నవ్వొచ్చిన మాట దాచను.

వాడే చేతుల గురించి ఇంత మాట్లాడి చేసే చేతుల గురించి అనకపోతే బాగుండదు. చెన్నై దగ్గరి శ్రీపెరంబుదూర్‌లో నోకియా కార్ఖానా 2006లో మొదలై 2014 నవంబర్‌లో మూతపడింది. అందులో పనిచేసినవాళ్ళలో ఎక్కువమంది ఊళ్ళ నుంచి వచ్చిన యువతులే. బ్రాండుకు విధేయంగా ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళే ఉండాలి. ఆ బ్రాండు మాత్రం వాళ్ళకు విధేయంగా ఉండలేదు. అదే ప్రాంతంలో ఐఫోన్లు బిగించే ఫాక్స్‌కాన్ కార్మికురాళ్ళు 2021 డిసెంబర్‌లో హాస్టల్లో విషాహారం తిని ఆస్పత్రుల పాలై, రోడ్డు మీద బైఠాయించారు. 2024 జూన్‌లో, పెళ్ళయిన ఆడవాళ్ళను అక్కడ బిగింపు పనుల్లోకి తీసుకోవడం లేదని రాయిటర్స్ వార్తాసంస్థ బయటపెట్టింది. మా జిల్లా పొరుగునే రంగారెడ్డి జిల్లా కొంగరకలాన్‌లో ఫాక్స్‌కాన్‌కు 2023 మేలో శంకుస్థాపన జరిగింది. మా పిల్లలు అక్కడ ఉద్యోగాలకు పోతారు, పోవాలి కూడా. పెళ్ళి ప్రశ్న అడుగుతారా లేదా అన్నది ఇప్పటినుంచే మనం అడుగుతూ ఉండాలి.

చివరికి, ఫోను ఇష్టాయిష్టాల వస్తువుగా ఉండడం మానేసి పనిముట్టుగా, ఆ తర్వాత మేస్త్రీగా మారిన సంగతి. ఉపాధి హామీ పనుల్లో కూలీల హాజరు యాప్‌లో పెట్టాలని, రోజుకు రెండుసార్లు ఫొటో తీసి, ఆ చోటు గుర్తుతో సహా పంపాలని 2023 జనవరి 1 నుంచి అన్నిచోట్లా తప్పనిసరి చేశారు. ఆ యాప్‌కు ఆండ్రాయిడ్ ఫోను కావాలి. సిగ్నల్ లేని గుట్ట కింద తట్ట మోసిన ఆడదాని కూలి, ఒక ఫోను ఆ పొద్దు ఎంత బాగా పనిచేసిందన్న దాని మీద ఆధారపడింది.

అంగన్‌వాడీ టీచర్లకు 2021 మార్చి నుంచి పోషణ్ ట్రాకర్ యాప్ వచ్చింది. పిల్లల బరువు, ఎత్తు, గర్భిణుల వివరాలు, భోజనాల లెక్క అంతా అందులోనే. మహారాష్ట్రలో ప్రభుత్వం టీచర్లకు ఇచ్చిన ఫోన్ల ర్యామ్ 2 జీబీ. యాప్ ఆ ఫోన్లో మొరాయించేది. పైగా ఇంగ్లీషులో ఉంది. 2021 ఆగస్టులో అక్కడి అంగన్‌వాడీ కార్యకర్తలు వేలాదిగా ఆఫీసులకు పోయి ఆ ఫోన్లు తిరిగి ఇచ్చేశారు. మా భాషలో యాప్ ఇవ్వండి, పనిచేసే ఫోను ఇవ్వండి అన్నారు. ప్లాట్‌ఫాముల పోరు చరిత్ర ఎవరైనా రాస్తే ఈ వాపసును ఒక పెద్ద ఘట్టంగా రాయాలని నా కోరిక. ఎవరో ఎంచి చేతిలో పెట్టిన ఫోనును ఆడవాళ్ళు గుంపుగా, కారణాలు చెప్పి, వద్దన్నారు. అప్పుడు కూడా కొందరు అధికారులకు వినిపించింది, వీళ్ళకు ఫోను వాడడం రాదు అనే.

2025 జులై 1 నుంచి అంగన్‌వాడీలో ఇంటికిచ్చే సరుకు ఇవ్వాలంటే తల్లి ముఖాన్ని ఫోను గుర్తుపట్టాలి. దానికి ముందు ఆధార్‌తో సరిచూడాలి. ఆధార్‌కు కట్టిన నంబరుకు ఓటీపీ వస్తుంది. దేవరకొండ వైపు ఒక తండాలో ఈ పని జరుగుతుంటే నేను కూర్చుని చూశాను. గర్భిణి ఎదురుగానే ఉంది, టీచరుకు చిన్నప్పటి నుంచి ఎరుక. ఆమె ముఖం ఎరుక, అత్త ముఖం ఎరుక. ఫోనుకు మాత్రం ఎరుక లేదు. ఓటీపీ పోయింది ఆమె భర్త నంబరుకు. అతను పూణెలో సెంట్రింగ్ పనిలో ఉన్నాడు. టీచరు సర్కారు యాప్‌లో అంకెల గడి తెరిచి బల్ల మీద పెట్టింది. అది తిరుగుతూ ఉంది. చెంగుకు కట్టుకున్న తన బటన్ ఫోను తీసి, ఆ పిల్ల చెప్పిన నంబరు ఒత్తింది. "తమ్మీ, నీకొక మెసేజి వచ్చింది, ఆరు అంకెలు, జర సదివి చెప్పు" అంది. అటునుంచి మిషను చప్పుడు. వినపడలేదు. ఆమె మళ్ళీ అడిగింది.